తెఱమీద తిరుగు చక్రము

మా అనంతపురము సీమలో పుట్టి పెరిగిన ఆడుదానికి వేచియుండుట క్రొత్తగాదు. ఏడాది పొడుగునను కలిపి 55 సెంటీమీటరుల వాన కురిసినచో అది మంచి యేడని చెప్పుకొను మెట్టసీమ యిది. విత్తుటకు మబ్బుకై వేచియుందుము. బోరుబావికి కరెంటు వచ్చు వేళకై అర్ధరాత్రివఱకు మేలుకొని వేచియుందుము. వీధికొళాయికడ బిందెలను వరుసగా నుంచి, మన వంతు వచ్చునో రాదో యని వేచియుందుము. ఈ నడుమ మా యిండ్లలో మఱియొక నిరీక్షణము చేరినది. అది ల్యాప్‌టాపు తెఱమీదను, ఫోను తెఱమీదను గిఱగిఱ తిరుగు చిన్ని చక్రము. రేషనుకార్డు వివరములు చూడవలెనన్నను, పంట బీమా దరఖాస్తు నింపవలెనన్నను, పిల్లల పరీక్షాఫలితములు తెలిసికొనవలెనన్నను ముందుగా ఆ చక్రదర్శనము చేసికొనక తప్పదు.

సోదరీమణులారా! ఆ చక్రము త్వరగా నాగుటకు బ్రౌజరులో చేయదగిన మార్పు లేవి, చేయరాని మార్పు లేవి యని నేను రెండేండ్లుగా నేర్చికొన్నదానిని మీతో చెప్పదలచితిని. బ్రౌజరనగా ఇంటర్నెట్టు పుటలను తెఱచి మనకు చూపు సాధనము. గూగుల్ వారి క్రోము, మొజిల్లా వారి ఫైర్‌ఫాక్సు, మైక్రోసాఫ్టు వారి ఎడ్జి యిట్టివి. నేను చదివిన చదువు ఇంటియొద్ద మా తండ్రిగారి యెదుట కూర్చుండి వల్లెవేసిన అమరమును, భారతమును మాత్రమే. కంప్యూటరు విద్య నాకు గురుముఖమున వచ్చినది కాదు. ఒక తప్పు చేయుటవలన వచ్చినది. ఆ తప్పునే ముందు చెప్పెదను.

మా వారు కళ్యాణదుర్గము ప్రాంతమున తెలుగు ఉపాధ్యాయులు. మా ఆడుబిడ్డ కూతురు ఇంజనీరింగు చదువున చేరుటకై కళాశాలల పేర్లను వరుసక్రమమున ఎంచుకొనవలసిన కడపటి దినమున మా యింటికి వచ్చినది. వారి పల్లెలో సిగ్నలు సరిగా దొరకదు. పట్టణములోని నెట్ సెంటరులో ఆనాడు కాలు పెట్ట సందు లేదు. మా ల్యాప్‌టాపు ముందు సాయంకాలము ఆఱు గంటలకు కూర్చున్న పిల్ల, ఎనిమిది గంటలకు నలువదిరెండు కళాశాలల వరుసను సిద్ధపఱచి, భద్రపఱచు మీటను నొక్కినది. చక్రము తిరుగసాగెను. ఐదు నిమిషములు గడచెను, పది గడచెను.

"అత్తా, ఇంకా తిరుగుతానే ఉంది" అనినది.

నాకప్పుడు ఒక వీడియోలో విన్న మాట జ్ఞాపకము వచ్చినది: బ్రౌజరు మందగించినచో దానిలో పేరుకొన్న చెత్తనంతయు తుడిచివేయవలెనని. "ఉండు పాపా, నేను చూస్తాను" అని సెట్టింగులు తెఱచితిని. తుడుచుటకు ఏయే వస్తువులున్నవో అన్నింటియెదుటను గుఱుతు పెట్టితిని. కాలపరిమితి అడుగగా, మొదటినుండి యని చెప్పితిని. మీట నొక్కితిని. చక్రము నిజముగనే ఆగినది. దానితోపాటు ఆ పుటయు పోయినది. మఱల తెఱవగా అది మమ్ము ఎఱుగనట్లు పేరును, పాస్‌వర్డును అడిగెను. పిదప ఓటీపీ యను అంకెలను అడిగెను. ఆ అంకెలు పోవునది పిల్ల తండ్రి ఫోనునకు. ఆయన చేనిలో మోటారుకడ నుండెను. అచట సిగ్నలు లేదు. ఆయన యింటికి వచ్చి అంకెలు చెప్పునప్పటికి పది గంటలు దాటినది. నలువదిరెండింటిలో ఒక్క పేరును భద్రపడియుండలేదు. మిగిలిన కాలమున పదునొకండు పేర్లను మాత్రమే ఆ పిల్ల మఱల కూర్చగలిగినది. అనంతపురమున చదువవలెనని కోరుకొన్నది. రెండువందల కిలోమీటరుల ఆవల సీటు వచ్చినది. వారింటిలో ఎవరును నన్ను ఒక్క మాట యనలేదు. అనియుండినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

ఆ రాత్రి నేను తుడిచివేసినది చెత్తయా, మఱియేమైననా? దీనిని తెలిసికొనువఱకు నాకు నిద్ర పట్టలేదు. తెలిసికొన్నది యిది.

ఇంటర్నెట్టు పుట యొక్క ముక్కగా వచ్చునది కాదు. 1990వ సంవత్సరమున జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్ లీ మొట్టమొదటి బ్రౌజరును వ్రాసినప్పుడు పుటయనగా ముఖ్యముగా అక్షరములే. నేడొక వార్తాపత్రిక పుటను తెఱచినచో ఆ పత్రికయింటి చిరునామాను బ్రౌజరు ముందుగా నొకచోట విచారించి తెలిసికొనవలెను. పిదప అక్షరములను, చిత్రములను, అక్షరముల అచ్చురూపములను, ప్రకటనలను, మనము ఏమి చూచుచున్నామో కనిపెట్టు చిన్న ప్రోగ్రాములను వేర్వేఱుగా అడిగి తెచ్చుకొనవలెను. ఒక్క పుటకు నూఱు పర్యాయములు అడుగుట సామాన్యము. అడిగిన వస్తువు అమెరికాలో నున్నచో, గాజుతీగలో వెలుగువలె పోయి వచ్చుటకును సుమారు సెకనులో నాలుగవవంతు పట్టును. ఒక్కసారికి అది లెక్కలోనిది కాదు. నూఱుసార్లకు లెక్కలోనిదే.

తెలుగక్షరములు బరువైనవని యొక అపవాదు గలదు. అది కొంత నిజమే. ఇంగ్లీషు అక్షరమునకు ఒక్క బైటు చాలును. నేడు వాడుకలోనున్న పద్ధతిలో తెలుగు గుర్తు ప్రతిదానికిని మూడు బైట్లు పట్టును. 'స్త్రీ' యని వ్రాయుటకు సకార తకార రేఫలు మూడును, రెండు పొల్లు గుర్తులును, ఒక దీర్ఘమును కలిసి ఆఱు గుర్తులు. అనగా 18 బైట్లు. స్త్రీ మోయు బరువు కంప్యూటరునకైనను తెలిసినదని మా వారు హాస్యమాడిరి. కాని రెండువేల గుర్తుల తెలుగు పుట యంతయు 6000 బైట్లే. ఫోనుతో తీసిన ఫొటో యొక్కటి ముప్పది లక్షల బైట్లుండుట కద్దు. అది ఐదువందల తెలుగు పుటల పెట్టు. కావున మనలను వేచియుండజేయునది మన లిపి కాదు.

ఇంత దూరమునుండి తెచ్చిన సరకును బ్రౌజరు చూపిన వెంటనే పాఱవేయదు. పత్రిక పేరుగల చిత్రము, అక్షరముల అచ్చు, మాఱని బొమ్మలు మున్నగువానిని మన కంప్యూటరులోనే యొకమూల దాచియుంచును. రేపు ఆ పుటనే మఱల తెఱచినచో మాఱినదానిని మాత్రమే తెచ్చి, తక్కినది ఇంటిలోనుండియే తీసి చూపును. దీనికి క్యాషు అని పేరు. దాచుట యను నర్థముగల ఫ్రెంచి మాటనుండి పుట్టినది. మన యింటి నీళ్ళతొట్టి యెట్టిదో యిదియు నట్టిదే. మా ఊరిలో ఉదయము తొట్టి నిండియున్న యిల్లాలు కొళాయికడకు పరుగెత్తదు. ఆ నిండు తొట్టిని చెత్తయనుకొని వాకిట పాఱబోసి, మఱల బిందె చంక నిడుకొని బయలుదేరినదానను నేను. దినదినమును క్యాషు తుడిచిన బ్రౌజరు వేగిరపడునని నమ్మువారందఱును చేయుచున్నది యిదియే. తుడిచిన వెంటనే తెఱచిన పుట ముందటికంటె ఆలస్యముగా వచ్చును. డేటా ఖర్చును పెరుగును.

తుడువవలసిన సందర్భములు లేకపోలేదు. పుట చిందఱవందఱగా కనబడినను, నిన్నటి సమాచారమే నేడును చూపుచున్నను, ఫోనులో చోటు చాలకపోయినను తుడువవచ్చును. అప్పుడును విచక్షణ కావలెను. క్రోములో కుడివైపు మీదిభాగమున నిలువుగానున్న మూడు చుక్కలను నొక్కి, సెట్టింగ్స్, అందులో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో డిలీట్ బ్రౌజింగ్ డేటా అను చోటికి పోయినచో కొన్ని పేర్లు కనబడును. హిస్టరీ యనునది మనము చూచిన పుటల చిట్టా. కుకీ లనునవి మనమెవరమో పుటలు గుఱుతుంచుకొను చీటీలు. వీనిని తుడిచినచో ప్రతిచోటను మఱల పేరు, పాస్‌వర్డు చెప్పుకొనవలెను. ఆ రాత్రి మమ్ము ముంచినది యిదియే. క్యాష్డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్ అనునది నేను చెప్పిన నీళ్ళతొట్టి. ఆ కడపటిదానియెదుట మాత్రమే గుఱుతుంచి తుడిచిన చాలును. పాస్‌వర్డుల జోలికి పోరాదు. ఒక్క పుట మాత్రమే చెడియున్నచో ఇంత తతంగము నక్కఱలేదు. కంప్యూటరులో కంట్రోల్, షిఫ్టు, ఆర్ మీటలను మూడింటిని కలిపి నొక్కినచో దాచినదానిని వాడక ఆ పుట నంతటిని క్రొత్తగా తెచ్చును. దరఖాస్తు సగము నింపిన పుటలో మాత్రము ఈ పని చేయకుడు.

ఇక మా ల్యాప్‌టాపు నిజముగా మందగించుటకు కారణ మేమనగా, దానిని కనుగొనుటకు నాకు వారము పట్టినది. కనుగొన్న పిమ్మట అది మా వారివలెనే యెదుట కూర్చుండి కనబడినది. ఆయన తెఱచిన పుటను మూయు అలవాటు లేనివారు. గ్రంథమును సగము చదివి బోర్లించి పెట్టునట్లు, వ్యాకరణ చర్చ యొకటి, నిఘంటువొకటి, నాలుగు వార్తాపత్రికలు, పాఠశాల లెక్కలు, క్రికెట్టు, ముప్పదినాలుగు పుటలు ఏకకాలమున తెఱచియుంచిరి. ఒక్కొక్కటి యొక ట్యాబు. క్రోములో షిఫ్టు మీటను, ఎస్కేపు మీటను కలిపి నొక్కినచో టాస్కు మేనేజరు తెఱచుకొని, ఏ ట్యాబు ఎంత జ్ఞాపకశక్తిని, అనగా ఎంత ర్యామును, ఆక్రమించియున్నదో లెక్క చూపును. ఒక వార్తాపుట యొక్కటే 300 మెగాబైట్లు మ్రింగుచుండెను. మా యంత్రమునకున్న ర్యాము 4 గిగాబైట్లు. అందులో కొంత విండోసునకే పోవును.

వంటగట్టుమీద చోటున్నంతవఱకు పని సాగును. గట్టు నిండిన పిదప ఉప్పు కావలెనన్నను, చింతపండు కావలెనన్నను ఒక గిన్నెను లోపలి కొట్టులో పెట్టి, మఱియొకటి తేవలెను. ర్యాము నిండినప్పుడు కంప్యూటరు చేయునది యిదియే. లోపలి కొట్టనగా డిస్కు. మా పాతయంత్రములో అది తిరుగు పళ్ళెపు డిస్కగుటచే మఱింత నెమ్మది. ఆ రాత్రి మా మేనకోడలి పుట పొందిన చోటు ఆ గట్టుచివఱ అంగుళమంత. పుట పంపువారి యంత్రముమీదను ఆనాడు వేలమంది యెక్కియుందురు. అది వేఱు మాట. మన వంతు దోషము మనకు తెలిసియుండవలెను గదా.

ట్యాబులు మూసి, చేతిగడియారము పెట్టుకొని చూచితిని. 41 సెకనులకు తెఱచుకొనుచుండిన వార్తాపుట 19 సెకనులకు వచ్చినది. ఏ సెట్టింగును మార్చకయే యిది.

మూయుటకు మనసొప్పని మా వారివంటివారికొఱకు ఒక యేర్పాటు గలదు. క్రోములో 2022 డిసెంబరునుండి మెమరీ సేవర్ అను సౌకర్యము వచ్చినది. సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ అనుచోట దానిని పెట్టుకొనవచ్చును. చాలసేపు ముట్టని ట్యాబులను అది నిద్రపుచ్చి, ఆ చోటును తెఱమీది పుట కిచ్చును. నిద్రించిన ట్యాబును మఱల నొక్కినచో క్రొత్తగా తెచ్చుకొనును. నిద్రపుచ్చరాని పుటల పేర్లను అచ్చటనే వ్రాసియుంచవచ్చును. నేను బ్యాంకు పుటను, పాఠశాల పుటను అట్లు వ్రాసితిని. ఎడ్జిలో ఇట్టిదానికి స్లీపింగ్ ట్యాబ్స్ అని పేరు. అది 2021లోనే వచ్చినది. ఆ ఎడ్జిని చేయు మైక్రోసాఫ్టునకు 2014నుండి అధిపతిగానున్న సత్య నాదెళ్ళ తండ్రి, ఐఏఎస్ అధికారి యుగంధరు గారి స్వగ్రామము మా జిల్లాలోని బుక్కాపురమే. అంతమాత్రమున మా యిండ్లలో కంప్యూటరు వేగిరపడునా యని అడుగకుడు. చెప్పుకొనుటకు బాగుండునని చెప్పితిని.

ఫోనులో ట్యాబుల సంఖ్య పైన చిన్న చదరములో కనబడును. ఆండ్రాయిడు క్రోములో అది 99 దాటినచో అంకెను మానివేసి నవ్వుముఖపు గుఱుతును చూపును. మా పొరుగింటామె తన ఫోనులో ఆ గుఱుతును చూచి, ఫోను తనయందు ప్రసన్నమైనదని యనుకొనెనట!

రెండవ బరువు ఎక్స్‌టెన్షనులు. ఇవి బ్రౌజరునకు తగిలించుకొను అదనపు పనిముట్లు. వీనిలో పెక్కు మనము తెఱచు ప్రతిపుటలోను తలదూర్చి చూచును. అందుచేత ప్రతిపుటయు కొంత ఆలస్యమగును. మా బ్రౌజరులో ఐదు కనబడినవి. ఎవరు తగిలించిరో ఎవరికిని తెలియదు. ఒకటి కొనుగోళ్ళలో తగ్గింపులు వెదకునదట. మేము కొనునది నెలకొక పుస్తకము. నాలుగింటిని తీసివేసితిని. గడియారము 14 సెకనులు చూపినది.

ఎక్స్‌టెన్షనులన్నియు వ్యర్థములని నా యభిప్రాయము కాదు. తెలుగువారికి ఒకప్పుడు అత్యావశ్యకమైన ఎక్స్‌టెన్షనొకటి యుండెను. యూనికోడు పద్ధతి మన పత్రికలలో ప్రబలకమునుపు ఒక్కొక్క తెలుగు పత్రిక తన సొంత అక్షరరూపములను వాడుచుండెను. ఆ అచ్చు మన కంప్యూటరులో లేకున్న తెలుగునకు బదులు అర్థములేని ఇంగ్లీషు గుర్తులు కనబడెడివి. ఆ చిక్కును తీర్చుటకు నాగార్జున వెన్న గారు ఫైర్‌ఫాక్సు కొఱకు 'పద్మ' యను నొక ఎక్స్‌టెన్షనును వ్రాసిరి. అది ఆ వేర్వేఱు అచ్చులను యూనికోడు తెలుగులోనికి మార్చి చూపెడిది. మా వారు అప్పట్లో దానినే నమ్ముకొని పత్రికలు చదివితిమని చెప్పుదురు. పత్రికలు యూనికోడునకు మాఱినవి. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్సు 57వ కూర్పు వచ్చి పాతరీతి ఎక్స్‌టెన్షనుల నన్నింటిని నిలిపివేసినది. మేలు చేసిన పనిముట్టునకు సయితము కాలము తీరును. తీరిన పిదప దానిని మోయుట మన పొరపాటు.

ఈ మాట రహస్యపు మీటలకు మఱింత వర్తించును. భారతములో నలుడు బాహుకుడై ఋతుపర్ణుని రథమును ఒక్క దినమున విదర్భకు తోలిన కథ మీకు తెలిసినదే. బక్కచిక్కిన గుఱ్ఱములను ఏరితెచ్చెనేమని రాజు సంశయించెను. త్రోవలో ఉత్తరీయము జాఱిపడినది, దింపుమన, అది యప్పటికే యోజనము వెనుకబడినదని బాహుకుడు చెప్పెను. అతడు కొరడాకు ప్రసిద్ధుడు కాడు. అతనికి తెలిసినది అశ్వహృదయము. బ్రౌజరు విషయమున మనలో పెక్కుమంది వెదకునది కొరడా.

అట్టి కొరడా యొకటి ఇరువది యేండ్ల క్రిందట ప్రపంచమంతట వ్యాపించినది. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్సు మొదటి కూర్పు వెలువడినది. దాని చిరునామా పట్టీలో 'ఎబౌట్ కాన్ఫిగ్' అని వ్రాసినచో మామూలు సెట్టింగులలో కానరాని వందలకొలది మీటలు బయటపడును. అచట చేయిపెట్టినచో మీ హామీ చెల్లకపోవచ్చునని వారు సగము పరిహాసముగా హెచ్చరికయు పెట్టిరి. అందులో పైప్‌లైనింగ్ అను మీటను త్రిప్పి, ఒక్కసారికి అడుగదగిన వస్తువుల సంఖ్యను 30 చేసినచో బ్రౌజరు వాయువేగమున పరుగెత్తునని జనులు ఒకరికొకరు చెప్పుకొనిరి. మా వారి సహోపాధ్యాయులొకరు ఇప్పటికిని చెప్పుచున్నారు.

దాని మర్మ మిది. మామూలుగా ఒక తీగవెంట ఒక వస్తువు నడిగి, అది వచ్చిన పిదప రెండవది అడుగవలెను. పైప్‌లైనింగులో జవాబు రాకమునుపే వరుసగా అడిగివేయవచ్చును. కాని జవాబులు అడిగిన వరుసనే రావలెను. పిండిమరకడ మన డబ్బాలన్నియు ఒకేమాఱు వరుసలో పెట్టివచ్చినట్లు. ముందున్నవాని రాగులమూట పెద్దదైనచో మన గుప్పెడు మిరియాలును దానివెనుక వేచియుండవలసినదే. కొన్ని సర్వరులకు ఈ పద్ధతి సరిగా తెలియక జవాబులను తారుమారు చేసి, పుటలు చెడిపోవుటయు కలదు. 2015లో హెచ్‌టీటీపీ 2 అను క్రొత్త పద్ధతి స్థిరపడినది. అందులో వేర్వేఱు వస్తువుల తునకలు ఒకే తీగవెంట కలగలుపుగా వచ్చి, ఇంటికడ వేఱుపడును. పెద్దమూట చిన్నదాని నడ్డగింపదు. దానితో పైప్‌లైనింగుతో పనిలేక, 2017లో ఫైర్‌ఫాక్సువారు ఆ మీటను ఊడబెఱికిరి. నేడు దానిని త్రిప్పుట లేని కొళాయిని త్రిప్పుటయే.

మఱియొక మీట యుండెను. పుట కొంత చేరువఱకు బొమ్మ గీయక, 250 మిల్లీసెకనులు ఆగుమని అది చెప్పును. దానిని సున్న చేయుమని యుపదేశము. సున్న చేసినచో తొలి తునక ముందు కనబడుట నిజమే. పిదప వచ్చు ప్రతి తునకకును బ్రౌజరు మఱల గీయవలసివచ్చి, మొత్తము పుట ఆలస్యమగుటయు నిజమే. అన్నము ఉడుకునపుడు మాటిమాటికి మూత తీసి చూచు క్రొత్తకోడలి పని. క్రోములో డేటా మిగుల్చు లైట్ మోడ్ అను సౌకర్యమును పెట్టుకొమ్మని చెప్పు వీడియోలు నేటికిని తిరుగుచున్నవి. అది 2022 మార్చిలోనే ముగిసినది. ఏ సలహానైనను వినునపుడు అది యే యేటిదో ముందు చూచుకొనుడు.

ఇక నేను మార్చి, మేలు కనుగొన్నవి కొన్నింటిని త్వరగా చెప్పెదను. ఫైర్‌ఫాక్సులో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ యనుచోట, వెన్నాడు ప్రోగ్రాములను అడ్డగించు ఏర్పాటునకు స్ట్రిక్ట్ అను కఠినస్థాయి గలదు. మామూలు స్థాయి 2019నుండి తనంతట నుండనే యున్నది. కఠినముగా పెట్టినచో ప్రకటనల బరువు చాల తగ్గును. ఏదేని పుట పనిచేయనిచో ఆ పుటకు మాత్రము సడలింపవచ్చును. వార్తలు పంపెదము అనుమతింతురా యని అడుగు పుటల కన్నింటికిని నేను వలదనియే చెప్పితిని. క్రోము మూసిన పిదపను లోలోపల పనిచేయుచుండు ఏర్పాటు సిస్టమ్ అనుచోట గలదు, దానిని తీసివేసితిని. మనము నొక్కకమునుపే పుటలను ముందుగా తెచ్చియుంచు ప్రీలోడ్ పేజెస్ అనునది డేటాకు లోటులేనివారికి మంచిది. దినమునకు ఒకటిన్నర జీబీతో ఇల్లంతయు నడుపుకొనువారు దానిని కట్టివేయుటయే మేలు. నెట్టు మిక్కిలి మందముగానున్న దినమున సైట్ సెట్టింగ్స్‌లో ఇమేజెస్ అనుదానిని నిలిపివేసి, వట్టి అక్షరములతో ఫలితములు చూచుకొంటిమి. బొమ్మలు లేకున్నను మార్కులు మార్కులే. గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ అను మీటను కొన్ని పాతయంత్రములలో తీసివేసిన మేలు, కొన్నింటిలో ఉంచిన మేలు. రెండు విధములను చూచితిని. మా యంత్రమున నాకు భేదము కనబడలేదు.

సెట్టింగులవలన తీరనివియు గలవు. 2017 డిసెంబరులో ప్రారంభమైన రాష్ట్ర ఫైబర్‌నెట్టు నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్టు మూడును ఇంటింటికి నిచ్చు సంకల్పముతో కరెంటు స్తంభములవెంటనే గాజుతీగలను నడిపినది. తీగ వచ్చిన వీధికిని, టవరునకు దూరమైన చేనిగట్టునకును ఒకే బ్రౌజరు ఒకే వేగమున నడువదు. విండోసు 7 నమ్ముకొనియున్న పాతయంత్రములకు క్రోము 109వ కూర్పుతోనే నిలిచిపోయినది. 2023 తరువాతి కూర్పులు వానిమీద ఎక్కవు. మేము ట్యాబుల సంగతి తెలిసికొన్న పిదపనే, ర్యామును 8 గిగాబైట్లకు పెంచితిమి. ముందే పెంచియున్నచో మా వారు అఱువదియెనిమిది పుటలు తెఱచియుందురు.

ఈ యేడు మా వీధిలోని యిద్దరు పిల్లలు కళాశాలల వరుస నింపుటకు మా యింటికే వచ్చిరి. పేర్లను ముందుగా కాగితముమీద వ్రాయించితిని. తక్కిన ట్యాబులన్నియు మూయించితిని. ఐదేసి పేర్లకొకమాఱు భద్రపఱపించితిని. ఓటీపీ వచ్చు ఫోనును దాని యజమానితో సహా మా నడవలో కూర్చుండబెట్టితిని. కడపటి దినమున గాక రెండవదినముననే, రాత్రి భోజనమునకు ముందే పని ముగిసినది.

మొన్న ఆదివారము మా మేనకోడలు హాస్టలునుండి ఫోను చేసినది. దాని ల్యాప్‌టాపు మందగించినదట.

"అత్తా, అన్నీ తుడిచేయమంటావా?" అని అడిగినది. గొంతులో నవ్వున్నదని నాకు తెలియుచునే యుండెను.

"ఒక్కటీ తుడవద్దు పాపా. ముందు ఎన్ని తెరిచి పెట్టుకున్నావో లెక్కపెట్టి చెప్పు" అంటిని.

కొంతసేపటికి లెక్క వచ్చినది. ఏబదియేడు.